తెంతెనూబె వారి గంట

కుదురుగా ఒకచోట కూర్చోవడమన్నది ఒబ్దూలియా తెంతెనూబెకు పుట్టుకతోనే రాలేదు. కూర్చుంటే బల్ల మీద వేళ్లు ఆడిస్తుంది. నిలబడితే మడమలెత్తి దింపుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాళ్ల చొక్కా గుండీలు సర్దేస్తుంది. ముప్పై నాలుగేళ్లుగా రొట్టెల వ్యాను నడుపుతున్న మనిషికి నిలకడ ఎక్కణ్నుంచి వస్తుందని ఊరివాళ్లే ఆమెను వెనకేసుకొస్తారు. పొద్దున్నే తన ఊరు కింతనసేకాలో రొట్టెలు ఎక్కించుకుని తొమ్మిది ఊళ్లు తిరుగుతుంది. ఊరికి మూడుసార్లు హారన్ కొడుతుంది. మూడోదానికీ తలుపు తెరుచుకోకపోతే నాలుగోది కొట్టదు, దిగి వెళ్లి తలుపే బాదుతుంది. ఆ ఊళ్లలో మిగిలినవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లు. తలుపు తీయలేదంటే కంగారు పడాల్సిందే.

అయితే ఆ ఏడాది అలజడి వేరు. పలెన్సియా పట్నంలో మందుల షాపులో పనిచేసే కూతురు కసీల్దా నీళ్లోసుకుందని క్రిస్మస్‌కి తెలిసింది. అప్పట్నుంచి ఒబ్దూలియా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. సంతోషం లేదా అంటే, ఎందుకు లేదు! దారిలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది. కాకపోతే ఆ సంతోషం వెనకే ఇంకొకటి వచ్చి కూర్చుంది. తన ఇంటిపేరు తనతోనే పోతుంది.

ఈ దేశంలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు. తండ్రిది ముందు, తల్లిది వెనక. పెళ్లయినా ఆడవాళ్లు తమ పేరు వదులుకోరు. వినడానికి బాగానే ఉంటుంది. తిరకాసంతా మూడో తరంలో ఉంది. పిల్లలకు దిగేది ముందున్న పేరే, వెనకది అక్కడే రాలిపోతుంది. కూతురు కసీల్దా మెరినో తెంతెనూబె. మెరినో చనిపోయిన తండ్రిది, తెంతెనూబె తల్లిది. అల్లుడి ఇంటిపేరు బెర్సోసా. కాబట్టి పుట్టబోయే బిడ్డ బెర్సోసా మెరినో అవుతుంది. తెంతెనూబె అన్న మాటే ఉండదు.

సొంత బాబాయిలకు పిల్లల్లేరు. తమ్ముడు పెళ్లి కాకుండానే పోయాడు. ప్రభుత్వం వేసే ఇంటిపేర్ల లెక్కల్లో మరీ తక్కువమంది ఉన్న పేర్లు చూపించరు, వెతికితే ‘లేదు’ అని వస్తుంది. ఒబ్దూలియా వెతికింది. లేదనే వచ్చింది. వ్యానులో అద్దం చూసుకుని, “నేను లేనట వినండి!” అని ఆరోజు తొమ్మిది ఊళ్లలోనూ చెప్పి నవ్వించింది. తను మాత్రం నవ్వలేదు.

దారి ఒకటుంది. బిడ్డ పుట్టకముందే కసీల్దా ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి ఒక సంతకం పెట్టి, తన రెండు పేర్ల వరస తిప్పించుకోవాలి. తల్లిది ముందుకు, తండ్రిది వెనక్కు. అప్పుడు తెంతెనూబె బిడ్డకు దిగుతుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగాల్సింది అమ్మే, ఆ అమ్మకే నోరు పెగలడం లేదు. కసీల్దా నాన్నకూచి. రొట్టెలు కాల్చే ఆ తండ్రి, ఎవెన్సియో, పోయి నాలుగేళ్లయినా, పిండి పిసికేటప్పుడు ఆయన కట్టుకున్న గుడ్డ ఇంకా దాని దగ్గరే ఉంది. ఆ తండ్రిని వెనక్కు జరపమని ఏ మొహంతో అడుగుతుంది?

ఆ పేరుకో అర్థం ఉంది: ‘మబ్బూ, ఆగు’ అని. వడగళ్ల మబ్బు కమ్ముకొస్తే దాన్ని తరిమేయడానికి చర్చి గోపురమెక్కి కొట్టే గంటకు ఆ పేరు. చుట్టుపక్కల ఊళ్లలో పంటల బీమా వచ్చాక ఆ గంట మానేశారు. కింతనసేకాలో మానలేదు. గోపురం తాళంచెవి తెంతెనూబె వాళ్లింట్లో మేకుకు వేలాడుతుంది. మబ్బు లేస్తే ఆ ఇంటివాళ్లే పరుగెత్తాలి. తాతల కాలంలో ఓ గంటలవాడు చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టి వడగళ్లను పొలిమేర దగ్గరే ఆపేశాడనీ, ఆ ఘనతకే బిషప్పుగారు ఆ పేరిచ్చారనీ ఇంట్లో కథ. ఒబ్దూలియా ఆ కథ చెప్పని మనిషి లేడు. వ్యాను తలుపు మీద గంటా మబ్బూ బొమ్మ కూడా వేయించింది.

ఊళ్లోవాళ్లకు కాగితం మీది పేర్లతో పనిలేదు. వీధిలో కొత్త మొహం కనిపిస్తే “నువ్వెవరి పిల్లవి?” అని అడుగుతారు. జవాబుగా గుమ్మం పేరు, అంటే ఊరు ఆ ఇంటిని పిలిచే పేరు, చెప్పాలి. పరాయి ఊరినుంచి వచ్చి ఒబ్దూలియాను చేసుకున్న ఎవెన్సియో మెరినో కూడా పెళ్లి నాటినుంచి పోయేదాకా ‘తెంతెనూబె ఎవెన్సియో’యే.

“ఏమ్మా ఒబ్దూలీ, ఇవాళ రొట్టె మాడ్చావేంటి?” అన్నాడు తెయోదులో, వ్యాను దగ్గర కర్ర ఆనించి. ఆయనకు ఎనభై నాలుగు. ఊళ్లో ఇంకా బార్లీ వేసే ఇద్దరిలో ఒకడు.

“మాడలేదు బాబాయ్, ఎర్రగా కాలింది. నీ కళ్లే మసకబారాయి.”

“కళ్లు మసకబారితే ముక్కుక్కూడా కంపు కొడుతుందా? సర్లే. ఇంతకీ పుట్టేది మీ పిల్లేనా, వాళ్ల పిల్లా?”

“ఎవరి పిల్లయితేనేం, పుట్టనీ.”

“అడిగావా దాన్ని?”

“చిల్లర లేదు, రేపివ్వు,” అని ఒబ్దూలియా తలుపేసి బండి తీసింది. ఆయన చేతిలో సరిపడా చిల్లర అలాగే ఉండిపోయింది.

ఏప్రిల్లో ఆమెకో ఉపాయం తట్టింది. ఉత్త చేతులతో అడిగేకంటే, పేరు పుట్టుక కాగితం మీద చూపిస్తే? బిషప్పు ఇచ్చిన పేరని రాతపూర్వకంగా ఉంటే కూతురి మనసు మెత్తబడదా? ఆదివారం పూజ అవగానే ఫాదర్ ఉర్సిసీనోను పట్టుకుంది. పదకొండు ఊళ్ల చర్చిలు చూసుకునే మనిషి, చేతిలో కారు తాళాలతోనే పూజ ముగిస్తాడు. బతిమాలగా బతిమాలగా బీరువాలోంచి జ్ఞానస్నానాల పాత పుస్తకం తీశాడు. ఆమె తన తండ్రినుంచి వెనక్కు ఒక్కొక్క పేరూ చెబుతుంటే, ఆయన పుటలు తిప్పుతూ వెళ్లి ఒకచోట ఆగాడు.

“ఇదిగోనమ్మా, మీ మొదటిది ఇదే. ఇంతకుముందు లేరు.” కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చదివాడు. “జూలై నెల, పదిహేడువందల తొంభై నాలుగు. ‘వడగళ్ల మబ్బుకు గంట కొడుతుండగా గోపురం గుమ్మంలో, గంపలో, ఒక ఆడశిశువు దొరికింది. తల్లిదండ్రులెవరో తెలియదు. కితేరియా అని జ్ఞానస్నానం ఇచ్చాను. ఇంటిపేరు లేనందున, ఆ వేళ మోగుతున్న గంటను బట్టి తెంతెనూబె అని రాశాను.’”

“గంటలవాడి పేరేంటి ఫాదర్?”

“గంటలవాడి పేరు లేదు.”

“బిషప్పు?”

“బిషప్పూ లేడు.” ఆయన మళ్లీ కొన్ని పుటలు తిప్పాడు. “ఇరవై రెండేళ్ల తర్వాత ఇంకొకటి ఉంది. కితేరియా తెంతెనూబెకు కొడుకు. తండ్రి తెలియదు. అందుకే తల్లి పేరే నిలిచింది. మీరంతా ఆ పిల్లాడి సంతతి.”

ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టయింది ఆమెకు. గుమ్మంలో వదిలేసిన పిల్ల, ఆ పిల్లకు తండ్రి లేని పిల్లాడు. దీన్నా తను తొమ్మిది ఊళ్లలో చాటింది?

“ఎవరికీ చెప్పకండి ఫాదర్.”

“చెప్పడానికి నాకు తీరికేదమ్మా? ఇంకా రెండు పూజలున్నాయి,” అని ఆయన పుస్తకం మూసి కారెక్కాడు.

ఆ రోజునుంచి ఒబ్దూలియా వ్యానును బొమ్మ ఉన్న తలుపు గోడవైపుకు వచ్చేలా నిలపసాగింది. కథ చెప్పడం మానేసింది. “మీ గంటలవాడికి గొంతు పోయిందా?” అని జనం అడిగితే హారన్ కొట్టేది. రాత్రి నిద్ర లేదు, పగలు ధ్యాస లేదు. రొట్టెలు రెండుసార్లు ఇచ్చి ఒకసారికే డబ్బు తీసుకునేది. ఒక ఊరు దాటేసి మళ్లీ వెనక్కొచ్చేది. చెప్పుకుందామంటే సిగ్గు, దాచుకుందామంటే దాగదు.

మే నెల వచ్చింది. వాన లేదు. బార్లీ వెన్ను తీసే వేళ, ఒక్క తడి పడితే చాలు, గింజ నిండుతుంది. ఊరంతా మెడలెత్తి ఆకాశంకేసి చూస్తోంది. అప్పటికే ఆరు వారాలుగా చూస్తున్నారు. ఒక మధ్యాహ్నం పడమటనుంచి మబ్బు లేచింది. ఒబ్దూలియా అప్పుడే బండి ఆపి, కసీల్దాకు ఫోను చేయనా వద్దా అని నంబరు నొక్కుతూ చెరిపేస్తూ ఉంది. కళ్లెత్తి మబ్బును చూసింది, అంతే. ఇంట్లోకి పరుగెత్తి తాళంచెవి లాగి, గోపురం మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తాడు పట్టుకుంది.

అంచులు తెల్లగా పొంగి, కడుపు పచ్చగా ఉన్నది రాళ్ల మబ్బు, సాంతం నల్లగా కిందికి వేలాడేది నీళ్ల మబ్బు అని ఆరేళ్ల వయసులో తండ్రి నేర్పాడు. ఆమెకది కంఠతా వచ్చు. కానీ ఆ రోజు ఆమె చూసింది మబ్బును కాదు, తన లోపలి గొడవను. కొట్టింది, కొట్టింది, గంటసేపు కొట్టింది. మబ్బు చక్కగా మాట విని ఉత్తరానికి తిరిగి, ఆరు కిలోమీటర్ల అవతల ఒర్నియేహో ఊరి మీద కుండపోతగా కురిసింది.

కిందికి దిగేసరికి ఊళ్లో ఉన్న ముప్పై ఒక్కమందీ చర్చి ముందున్నారు. మంచాన పడ్డ ముసలమ్మను కూడా కుర్చీలో తెచ్చారు.

“వానమ్మా! అది వాన!” తెయోదులో టోపీ ఊడదీసి ఆడించాడు. “నల్లగా, బర్రెలాగా, ఇంత కిందికొచ్చింది. చుక్క నా టోపీ మీద పడింది కూడా. చూడు, ఇంకా తడి!”

“నేను రాళ్లనుకున్నా బాబాయ్.”

“మీ నాన్నయితే అనుకునేవాడా? ఆరు వారాలు ఎదురుచూసింది ఒర్నియేహో వాళ్లకు దానం చెయ్యడానికా? వాళ్లసలు మనకు పెళ్లిలో కుర్చీ కూడా వెయ్యరు!” ఆయన కర్రతో నేలను పొడిచాడు. “ఆ పేరు నీతో ఆగిపోతోందిగా. మంచిదే అయింది.”

ముసలాయనకే ఎక్కువన్నానని తెలిసిందేమో, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒబ్దూలియా, అది పొలం ఎండిపోతున్న మనిషి మాట అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నా ఆ మాట పోలేదు. వ్యానెక్కి వెనక తలుపు వేయకుండానే పోనిచ్చింది. ఊరి చివరిదాకా రోడ్డు మీద రొట్టెలు పడుతూ పోయాయి.

ఆ వారంలోనే పలెన్సియా వెళ్లింది. కసీల్దా ఎనిమిదో నెల కడుపుతో, కాళ్లు నీళ్ల తొట్టెలో పెట్టుకుని కూర్చుని ఉంది. తల్లిని చూడగానే పగలబడి నవ్వింది.

“వాన మబ్బును తరిమావట కదమ్మా! ఒర్నియేహో వాళ్లు నీకు విగ్రహం పెడతారట!”

ఒబ్దూలియా గిన్నెలు కడిగింది, కడిగినవి మళ్లీ కడిగింది, బీరువా తీసి తువ్వాళ్లు మడతలు మార్చింది.

“కూర్చో అమ్మా. నిన్ను చూస్తుంటే నాకిప్పుడే నొప్పులొచ్చేలా ఉన్నాయి.”

“కూర్చుంటే అడగలేను,” అంది ఒబ్దూలియా. తువ్వాలు పట్టుకునే మొదలుపెట్టింది. మొదలయ్యాక ఆగలేదు. పేరు వరస తిప్పించుకోమని అడిగింది. అడిగిన మరుక్షణమే తన బేరం తనే చెడగొట్టుకుంటూ పుస్తకంలో ఉన్నదంతా కక్కేసింది. “గంటలవాడు లేడు, బిషప్పు లేడు. గంపలో పారేసిన పిల్లట. దాని కొడుక్కి తండ్రి కూడా లేడట. ఇదీ మన ఘనత. తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు.”

కసీల్దా నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. “ఆ పిల్ల పేరేంటన్నావు?”

“కితేరియా.”

“ఒక్కతే పెంచిందా ఆ కొడుకుని?”

“నాకేం తెలుసు! పుస్తకంలో అంతే ఉంది.”

“ఇందులో సిగ్గుపడేదేముందమ్మా? నువ్వు చెప్పే ఆ గంటలవాడికంటే నాకీవిడే నచ్చింది.” తొట్టెలోంచి కాళ్లు బయటికి తీసింది. “కానీ సంతకం పెట్టలేను.”

ఒబ్దూలియా తువ్వాలు మడతపెట్టింది.

“ఎందుకు అడిగావని కాదమ్మా, ఎప్పుడు అడుగుతావోనని ఇన్ని నెలలుగా భయపడి చస్తున్నా. నాన్న ఆ ఊళ్లో అన్నేళ్లు రొట్టెలు కాల్చాడు. ఒక్కరంటే ఒక్కరు మెరినో అన్నారా? చర్చి గోడ మీద చావుచీటీ అంటించేటప్పుడు కూడా, పేరు కింద పెద్దక్షరాల్లో ‘తెంతెనూబె ఎవెన్సియో’ అని వేయించావు.”

“అలా వెయ్యకపోతే పోయిందెవరో ఎవరికీ తెలియదే!”

“అదే నేననేది. ఆయన పేరు ఇప్పుడెక్కడుంది? నా కాగితాల్లో ఉంది. ఇంకెక్కడా లేదు. అక్కణ్నుంచి కూడా జరపమంటావా?”

న్యాయం పిల్లవైపే ఉంది. అదే ఒబ్దూలియాకు మింగుడుపడలేదు. తిరిగొస్తూ గోధుమ చేల మధ్య బండి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. పేరు పోతున్నందుకు కొంత. ఇన్నేళ్ల కాపురంలో ‘ఏమయ్యా, నిన్ను అలా పిలుస్తుంటే నీకేమైనా అనిపిస్తుందా’ అని ఆ మనిషిని ఒక్కసారైనా అడగనందుకు అంతకంటే ఎక్కువ.

జూన్ చివర పాప పుట్టింది. ఆల్బా బెర్సోసా మెరినో. ఒబ్దూలియా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది, వెనక్కు తిప్పి కూడా చూసింది. “వీధికి ముగ్గురు ఆల్బాలున్నారు, ఇంకో పేరు దొరకలేదా?” అని మాత్రం అంది.

జూలైలో ఆమె వ్యాను తలుపు మీద గంటా మబ్బుల పైన ఎర్ర రంగుతో పెద్దగా ‘మెరినో రొట్టెలు’ అని రాయించింది. తొమ్మిది ఊళ్లూ గందరగోళంలో పడ్డాయి. “వ్యాను అమ్మేశావా?” “ఎవరీ మెరినో? రొట్టె అదేనా?” అని ప్రతి గుమ్మంలోనూ ప్రశ్నలే. “మా ఆయన,” అని చెప్పి చెప్పి ఆమె నోరు పడిపోయింది. తెయోదులో తలుపు ముందు నిలబడి అక్షరం అక్షరం చదివాడు. “ఎవెన్సియోదా? ఓరి! వాడికో పేరుందా?” అని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వానరోజు తర్వాత ఆయన ఆమెతో మాట్లాడింది అదే మొదలు.

ఆగస్టులో ఊరి పండుగకు కసీల్దా పాపను తీసుకొచ్చింది. మూడో రోజు భోజనాలవుతుండగా గాలి చప్పున ఆగిపోయింది. పడమటనుంచి మబ్బు లేచింది. అంచులు తెల్లగా పొంగుతున్నాయి. కడుపు పచ్చగా ఉంది.

ఒబ్దూలియా గుమ్మంలో నిలబడి దాన్ని చూసింది. తర్వాత లోపలికెళ్లి కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి కదలడం లేదు. తల్లిని అలా చూసి కసీల్దాకు భయమేసింది.

ఇంతలో తెయోదులో కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. “ఏం కూర్చున్నావ్? కనపడట్లేదా?”

“వాన మబ్బేమో బాబాయ్. నాకు తెలియదుగా.”

“ఎత్తిపొడుపులకిదా సమయం? రాళ్లమ్మా, రాళ్లు! నాకు మిగిలిన ద్రాక్ష తోట కూడా పోతుంది!”

“పోతే పోనీ. ఆ పేరు ఆగిపోతే మంచిదేనన్నావుగా.”

“అన్నాను. నరంలేని నాలుక, ఏదో అంది. బార్లీ పోయిన బాధలో అన్నాను, ఇప్పుడు నన్ను కొట్టు, తర్వాత గంట కొట్టు. లే తల్లీ!”

ఆ ‘తల్లీ’ అన్నమాటకు ఆమె లేచింది. లేచాక ఇక ఆగేదేముంది! తాళంచెవి మేకు మీదనుంచి లాగిన ఊపుకు మేకే ఊడొచ్చింది. వెనకే తెయోదులో, ఆయన వెనక పాపను చుట్టబెట్టుకుని కసీల్దా. చర్చి చేరేసరికి మొదటి రాయి పడింది. తెయోదులో కసీల్దాను గోపురం గుమ్మంలోకి తోసి తను బయట నిలబడ్డాడు. పైన గంట మొదలైంది.

వీధికి అవతల ఫ్రుక్తువోసా కిటికీ తెరుచుకుంది. ఏడాదంతా బిల్బావో నగరంలో ఉండి పండుగకు మాత్రం వచ్చే ఆవిడకు ఊరి కబుర్లు ఎప్పుడూ ఆలస్యమే. గంటను మించి అరిచింది. “ఎవరి పిల్ల అదీ?”

పైన తాడు పట్టుకున్న ఒబ్దూలియాకు ఆ ప్రశ్న వినపడింది. కింద అదే గుమ్మం. పైన అదే గంట, అదే మబ్బు. ఒకప్పుడు అక్కడ గంపలో ఉన్న పిల్ల గురించి కూడా ఎవరో ఇలాగే అడిగి ఉంటారు. అప్పుడు జవాబు చెప్పేవాళ్లు లేకపోయారు. ఆమె చేతులు ఒక్క క్షణం తాడు మీద నిలిచిపోయాయి.

“ఎవరి పిల్లేంటి!” తెయోదులో నెత్తిన చేతులు పెట్టుకుని, వడగళ్లలో నిలబడి, గొంతు చించుకున్నాడు. “చెవుడా నీకు? గంట వినపడట్లా? తెంతెనూబె వాళ్ల పిల్ల!”

కసీల్దా నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. పాప నెత్తిన శాలువా సర్ది, కాదనకుండా నిలబడింది.

పైన ఒబ్దూలియా తాడును రెండు చేతులా పట్టి లాగింది. ఏడుస్తూ కొట్టింది, నవ్వుతూ కొట్టింది. కొన్ని రాళ్లు పడ్డాయి, కొన్ని పడలేదు. ద్రాక్ష సగం దక్కింది. మబ్బు కొండ దాటిపోయింది, ఎండ కూడా వచ్చింది. గంట మాత్రం మోగుతూనే ఉంది.

“చాలమ్మా, ఇక ఆపు!” అని కిందనుంచి తెయోదులో అరిచాడు. “పాప పడుకుంది!”